రక్తపు చుక్కలో రెండు పట్టీలు

1976 జూన్‌లో నేను నాందేడ్‌లోని ఒక ట్రస్టు దవాఖానలో బయోకెమిస్టుగా చేరాను. మోంఢా అనే ధాన్యం బజారు వ్యాపారులు కలిసి నడిపిన దవాఖాన అది. పేరు ఇక్కడ అవసరం లేదు. నేను హైదరాబాదులో ఎమ్మెస్సీ చేసి వచ్చినవాణ్ణి. కుండల్‌వాడిలో మా నాన్నది కిరాణా దుకాణం. నా చదువేమిటో ఆయనకు చివరిదాకా అంతుపట్టలేదు. గిరాకీలు అడిగితే "మావోడు రక్తం చూస్తడు" అనేవాడు. నాకు ఆ మాట నచ్చేది కాదు. రక్తం చూసేది టెక్నీషియన్లు, నేను రక్తంలోని ప్రోటీన్లను చూస్తాను అని అందరి ముందే దిద్దేవాణ్ణి. ఆ దిద్దుబాటు ఎంత తెలివితక్కువదో నాకు రెండు నెలల్లోనే తెలిసివచ్చింది. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

ల్యాబులో హోదాల వరుస ఇలా ఉండేది. అందరికంటే పైన పాథాలజిస్టు, ఆయన వారానికి రెండు రోజులే వచ్చేవారు. ఆయన లేనప్పుడు రిపోర్టుల మీద సంతకం నాది. నా కింద ఇద్దరు టెక్నీషియన్లు. వాళ్లలో పెద్దది రాజుబాయి. నాకన్నా పదహారేళ్లు పెద్ద. నేను రాజక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను సార్ అనేది. నేతపని చేసే ఇంట్లో పుట్టి, నిజాం కాలంలో ఉర్దూ బడిలో కొన్ని తరగతులు చదివి, ఆయాగా చేరి, ఒక పాత డాక్టరు పక్కన నిలబడి పని నేర్చుకున్నది. సూక్ష్మదర్శిని కింద కణాలను ఉర్దూలో లెక్కపెట్టేది. ఆఫీసువాళ్లతో మరాఠీలో కొట్లాడేది. నన్ను మాత్రం తెలుగులోనే ఆటపట్టించేది. దాత రక్తం రోగి రక్తంతో పడుతుందో లేదో చూసే పనిని క్రాస్‌మ్యాచ్ అంటారు. అందులో ఆమె చెయ్యి తిరిగిన మనిషి.

నేను చేరిన కొత్తలోనే మా సర్జన్ గారు నన్ను పిలిచి ఒక పని అప్పగించారు. కిన్వట్ తాలూకా అడవి ఊళ్ల నుంచి ఎముకల నొప్పులతో, పాలిపోయిన ముఖాలతో పిల్లలు వస్తున్నారనీ, వాళ్లలో కొందరిది కొడవలి కణాల జబ్బని తన అనుమానమనీ, దాన్ని ఖాయంగా తేల్చే పరీక్ష నాందేడ్‌లోనే పెట్టాలనీ అన్నారు. నాకు కావలసిందీ అదే. సంబరపడిపోయాను.

ఆ పరీక్ష అర్థం కావాలంటే ముందు కొంచెం శాస్త్రం చెప్పాలి. మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ అనే పొడవాటి దారం ఉంటుంది. అది ఎ, టి, జి, సి అనే నాలుగే అక్షరాలతో రాసిన రాత. అందులో ఒక్కో భాగం ఒక్కో ప్రోటీన్‌ను ఎలా కట్టాలో చెబుతుంది. ఆ భాగాన్ని జన్యువు అంటాం. కణం అసలు రాతను కదిలించదు. అవసరమైన భాగానికి ఆర్ఎన్ఏ అనే నకలు తీసుకుంటుంది. ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ప్రతి మూడక్షరాలకూ ఒక అమినో ఆమ్లం వచ్చి వరుసలో చేరుతుంది. ఈ అమినో ఆమ్లాలు ఇరవై రకాలు. వరుస పూర్తయ్యాక అది తనకు తానే మడతలు పడి ఒక ఆకారానికి వస్తుంది. ప్రోటీన్ చేసే పని అంతా ఆ ఆకారంలోనే ఉంటుంది. వరుస మారితే ఆకారం మారవచ్చు, ఆకారం మారితే పని చెడవచ్చు.

రక్తానికి ఎరుపు ఇచ్చే హిమోగ్లోబిన్ కూడా ప్రోటీనే. నాలుగు గొలుసులు, రెండు ఆల్ఫా, రెండు బీటా, కలిసి ఒక ముద్దగా ఉంటాయి. బీటా గొలుసులో నూట నలభై ఆరు అమినో ఆమ్లాలు. అందులో ఆరో స్థానంలో ఉండవలసింది గ్లుటామిక్ ఆమ్లం. డీఎన్‌ఏలో అక్కడ ఒక్క ఎ బదులు టి పడితే, గ్లుటామిక్ ఆమ్లం పోయి వేలీన్ వచ్చి కూర్చుంటుంది. మిగతా గొలుసంతా చెక్కుచెదరదు. కాని ఆ ఒక్క మార్పుతో, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని పుల్లలు పుల్లలుగా పేరుకుంటాయి. గుండ్రంగా ఉండే ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. అలాంటి కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుంటే ఎముకల్లోనో కడుపులోనో భరించలేని నొప్పి వస్తుంది.

ఇంకొక్క ముక్క. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒక ప్రతిలోనే తప్పుంటే మనిషి మామూలుగానే బతుకుతాడు. అతన్ని వాహకుడు అంటాం. రెండు ప్రతుల్లోనూ తప్పుంటేనే జబ్బు.

డీఎన్‌ఏ అక్షరాలను నేరుగా చదివే సాధనం అప్పట్లో మా చేతిలో లేదు. ప్రోటీన్‌ను చూసి, వెనక్కి నడిచి, రాతలో ఏముందో తెలుసుకోవాలి. దానికి పనికొచ్చేది ఎలక్ట్రోఫోరెసిస్. గ్లుటామిక్ ఆమ్లం మీద రుణ విద్యుత్తు ఉంటుంది, వేలీన్ మీద ఉండదు. అందుకని క్షార ద్రావణంలో తడిపిన కాగితం మీద రక్తకణాల రసాన్ని సన్నని గీతగా పెట్టి, రెండు కొసల మధ్య విద్యుత్తు పంపితే, మామూలు హిమోగ్లోబిన్ ధనధ్రువం వైపు చురుగ్గా పోతుంది, మారిన హిమోగ్లోబిన్ వెనకబడుతుంది. ముందు ఒకటే పట్టీ ఉంటే మామూలు మనిషి. వెనక ఒకటే పట్టీ ఉంటే జబ్బు. రెండూ ఉంటే వాహకుడు.

ద్రావణం పోసే తొట్టిని అక్రిలిక్ రేకులు అతికించి నేనే చేశాను. విద్యుత్తును ఒకే దిశలో పంపే రెక్టిఫైయరును నాందేడ్‌లోనే వజీరాబాద్ పేటలో ఒక రేడియో మెకానిక్ చేసిపెట్టాడు. కరెంటు పోయిన రోజు పట్టీలన్నీ చెదిరిపోయేవి, మళ్లీ మొదటికి. మొదటిసారి రెండు ఎర్ర పట్టీలు విడివిడిగా కనబడ్డ రోజున నేను దవాఖానలో ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ పిలిచి చూపించాను. ఊడ్చే మనిషిని కూడా వదల్లేదు.

రాజుబాయి కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, ఇంత కథకూ మూలం ఒక్క అక్షరమా అని అడిగింది. ఒక్కటే అన్నాను. "మా నాయిన మగ్గం మీద పడుగుల ఒక్క పోగు రంగు తప్పిందనుకోండి సార్, బట్ట తాను మొత్తం ఆ గీత వస్తనే ఉంటది. నేసేటోని తప్పు కాదు. గంతేనా?" అన్నది. గంతే అన్నాను. నేను రెండేళ్లు చదివి పరీక్ష రాసిన సంగతి ఆమెకు రెండు నిమిషాల్లో పట్టుబడింది. అప్పుడు మెచ్చుకోలేదు. నాకు కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

ఆగస్టులో, ఒక సోమవారం, సర్ఖని దగ్గరి గూడెం నుంచి సోంబాయి అనే పదకొండేళ్ల పిల్లను తీసుకొచ్చారు. వెంట తల్లీ తండ్రీ ఉన్నారు. రెండు వారాలుగా కడుపునొప్పి వచ్చిపోతోంది, కుడిపక్కన ముట్టుకోనివ్వదు. సర్జన్ గారు అపెండిక్స్ అనుకున్నారు. గురువారం పొద్దున తొమ్మిదింటికి ఆపరేషన్ పెట్టారు. కాని పిల్ల కిన్వట్ వైపుది కాబట్టి ముందు నా పరీక్ష అడిగారు. వాహకురాలైతే జాగ్రత్తలు తీసుకుని కోయవచ్చు. జబ్బే ఉంటే ఆ నొప్పి అపెండిక్స్‌ది కాకపోవచ్చు, పైగా ఏ తయారీ లేకుండా మత్తు ఇచ్చి కోస్తే, ఆక్సిజన్ కాస్త తగ్గినా ఒళ్లంతా కణాలు వంకర్లు పోయి పిల్ల బల్ల మీదే పోవచ్చు. ఆయన నన్నడిగింది వాహకురాలా, జబ్బా అన్న ఒక్క ముక్కే.

వార్డు నుంచి పర్చీ, దానితో పాటు రక్తం సీసా వచ్చాయి. పర్చీ అంటే పరీక్ష కోరుతూ పంపే చీటీ. పేరు, వయసు, ఊరు, వార్డు, కావలసిన పరీక్ష. అన్నీ నింపి ఉన్నాయి. ముందు స్లైడు పరీక్ష చేశాను. ఆక్సిజన్‌ను లాగేసే మందు కలిపి, అంచులు మూసి, అరగంట ఆగి చూస్తే కణాలు కొడవళ్లయ్యాయి. కాని వాహకుల కణాలు కూడా ఆ మందుకు వంగుతాయి, దానితో తేలదు. అందుకే కాగితం పెట్టాను. మంగళవారం పొద్దున తీసి చూస్తే రెండు పట్టీలు, ఇంతకన్నా స్పష్టంగా నాకెప్పుడూ రాలేదు. "వాహకురాలు మాత్రమే. వ్యాధి లేదు" అని రాసి, సంతకం కింద గీత కూడా గీసి పంపాను. ఆ గీత నాకు ఇప్పటికీ గుర్తుంది.

బుధవారం మధ్యాహ్నం రాజుబాయి సోంబాయి వార్డుకు పోయింది. ఆపరేషన్‌కు రక్తం సిద్ధం చెయ్యాలి కనక గ్రూపు కోసం నమూనా తీసుకోవడం ఆమె పని. తిరిగొచ్చి, సీసా బల్ల మీద పెట్టి, నా దగ్గరికొచ్చి నిలబడింది.

"సార్, ఆ సర్ఖని పిల్ల కాలు చూసిండ్రా?"

చూడలేదన్నాను. నాకు కాలితో పనేమిటని కూడా అన్నాను.

చీలమండ దగ్గర, లోపలి పక్కన, ఇంకా ఎర్రగా ఉన్న కుట్ల మచ్చ ఉందని ఆమె చెప్పింది. ఆ రోజుల్లో చేతినరాలు దొరకని రోగికి చీలమండ దగ్గర కోసి, నరాన్ని బయటికి తీసి సూది పెట్టేవారు. ఆ మచ్చ ఎక్కడిదో రాజుబాయికి ఒకరు చెప్పనక్కర్లేదు. పిల్ల తల్లిని అడిగిందట. నెల కిందట కిన్వట్ పక్కన గోకుందలో ఒక చిన్న దవాఖానలో చేర్చారనీ, పిల్ల మరీ పాలిపోయిందని మేనమామ రక్తం తీసి ఎక్కించారనీ తల్లి చెప్పింది. ఇంత సంగతి వార్డులో ఎందుకు చెప్పలేదంటే, "నన్నెవ్వలడిగిండ్రు?" అన్నదట.

నిజమే. ఎవరూ అడగలేదు. పర్చీలో ఆ గడి లేదు.

నాకు వెంటనే అర్థమయిందని రాస్తే అబద్ధమవుతుంది. రక్తం ఎక్కిస్తే ఎక్కించారు, కాగితం మీద రెండు పట్టీలు కళ్లకు కనబడుతున్నాయి కదా, దానికీ దీనికీ ఏం సంబంధం అని కొంచెం కరుకుగానే అన్నాను. రాజుబాయి గొంతు పెంచలేదు.

"ఒక పట్టీ మామది కావచ్చు గద సార్."

అప్పుడు వెలిగింది. ఎక్కించిన రక్తకణాలు మనిషి ఒంట్లో మూడు నాలుగు నెలలు బతుకుతాయి. మేనమామ రక్తంలో మామూలు హిమోగ్లోబిన్ ఉంటే చాలు. పిల్లది మొత్తం మారినదే అయినా, మామ కణాలు అందులో తిరుగుతున్నంత కాలం కాగితం మీద రెండు పట్టీలే వస్తాయి, అచ్చం వాహకురాలిలాగా. ఈ మాట నేను పుస్తకంలో చదివినవాణ్ణే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఎదురుగా వచ్చినప్పుడు మాత్రం తట్టలేదు.

ఆమె అప్పటికే వార్డులో తీసిన చుక్కతో ఒక స్లైడు పరిచి రంగు వేసి పెట్టింది. ఏ మందూ కలపని మామూలు స్లైడు. "చూడుండ్రి, నేనేం కలపలే" అని సూక్ష్మదర్శిని నా వైపు జరిపింది. గుండ్రటి కణాల మధ్య అక్కడక్కడ సన్నగా, రెండు మొనలతో వంకరపోయినవి ఉన్నాయి. వాహకుల రక్తంలో అవి మందు కలపకుండా ఇలా కనబడవు. సోమవారమే నేను ఇలాంటి స్లైడు చూసి ఉండవలసింది. మందు కలపని మామూలు స్లైడు చూడటం టెక్నీషియన్ల పని అనుకుని చూడలేదు.

ఇక సర్జన్ గారికి చెప్పాలి. నేను నసిగాను. నువ్వు వార్డులో చూశావు కదా, నువ్వే చెబితే పోలా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "నేను జెప్తే రాజుబాయి ఏందో అన్నదంటరు. మీరు జెప్తేనే రిపోర్టయితది. మీరే పోవాలె సార్, జల్దీ పోవాలె" అన్నది. అని, స్లైడు అట్టపెట్టెలో పెట్టుకుని నా వెంట నడిచింది. ఒంటరిగా పంపలేదు. ఆ మర్యాదను నేను ఈనాటికీ మరిచిపోలేదు.

సర్జన్ గారు ముక్కుసూటి మనిషి. నిన్నటి రిపోర్టు మీద సంతకం నీదేనా అని మరాఠీలో అడిగారు. నాదే అన్నాను. ఇవాళ దాన్ని కాదంటున్నదీ నువ్వేనా. నేనే. మరి రెండింటిలో నేను దేన్ని నమ్మాలి అన్నారు. రెండోదాన్ని నమ్మండి, మొదటిది నేను పిల్లను చూడకుండా రాశాను అన్నాను. ఆ తర్వాత మచ్చను కనిపెట్టింది, స్లైడు పరిచింది రాజుబాయి అని కూడా చెప్పాను. అది చెప్పడానికి నాకు కొంత బలం కూడదీసుకోవలసి వచ్చింది. చెప్పకపోతే ఇది రాసే అర్హత నాకు ఉండేది కాదు.

ఆయన మమ్మల్ని పెద్దగా తిట్టలేదు. స్లైడు స్వయంగా చూశారు. గురువారం ఆపరేషన్ ఆపి, పిల్లకు సెలైన్, ఆక్సిజన్ పెట్టించారు. తల్లిదండ్రులిద్దరి రక్తం కాగితం మీద పెట్టి తెల్లారేసరికి చెప్పమన్నారు. పిల్లకు రెండు ప్రతులూ తప్పుగా రావాలంటే ఒక్కోటి ఇద్దరి దగ్గరి నుంచీ రావాలి. తల్లిలోగాని తండ్రిలోగాని ఆ తప్పు లేకపోతే మా అనుమానం నిలవదు, ఆయన కత్తి పట్టుకోవచ్చు. ఈసారి నమూనాలు తేవడానికి నేనే వార్డుకు పోయాను. సోంబాయి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. తల్లి నా చేతిలోని సూదిని చూసి, "నాది కూడనా?" అని చెయ్యి చాపింది. ఆ చీలమండ మచ్చ మంచం దగ్గరికి వచ్చే ఎవరికైనా కనబడుతుంది.

గురువారం పొద్దున కాగితాలు తీశాను. తల్లికి రెండు పట్టీలు. తండ్రికి రెండు పట్టీలు. ఆ ఇద్దరికీ ఎవరి రక్తమూ ఎప్పుడూ ఎక్కించలేదని ముందే అడిగి రాసుకున్నాను. తొమ్మిదింటికి బల్ల మీద ఉండవలసిన పిల్ల వార్డులో మంచం మీదే ఉంది. శనివారానికి నొప్పి సడలింది. అపెండిక్స్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఇద్దరికీ సంగతి విడమర్చి చెప్పే పని కూడా రాజుబాయే చేసింది. నేను డీఎన్‌ఏ అని మొదలుపెట్టేసరికి తండ్రి తల దించుకున్నాడు, తప్పు తనదని అంటున్నాననుకున్నాడు. రాజుబాయి నన్ను ఆపి, పడుగులో పోగు సంగతి చెప్పింది. మీ తాతల నాటి పోగు అది, మీరు కొన్నది కాదు, తెచ్చింది కాదు, పిల్లకు నీళ్లు బాగా తాగించండి, జ్వరమొస్తే ఆగకుండా తీసుకురండి అన్నది. అతను తలెత్తి ఆమె మొహం చూశాడు. నా ఎమ్మెస్సీలో ఆ మాటలు లేవు.

మరుసటి వారమే పర్చీ మార్చాం. కింద ఒక కొత్త గడి చేర్చి, "గత నాలుగు నెలల్లో రక్తం ఎక్కించారా? ఎక్కడ?" అని మూడు భాషల్లో అచ్చు వేయించాం. మరాఠీ వాక్యం ఆఫీసులో రాశారు. తెలుగు నాది, ఉర్దూ రాజుబాయిది. ఆమె చేతిరాత ఎంత ముద్దుగా ఉండేదో అప్పుడే చూశాను.

డిసెంబరులో సోంబాయిని చూపించడానికి తీసుకొస్తే వార్డులో ఉంచుకున్నారు. మధ్యలో మళ్లీ రక్తం ఎక్కించలేదని కనుక్కుని, నమూనా తెప్పించి కాగితం పెట్టాను. మామ కణాలు అప్పటికి అయిపోయాయి. వెనక పక్క ఒకటే పట్టీ వచ్చింది. నేను కాగితం పట్టుకుని రాజుబాయి దగ్గరికి ఆత్రంగా పోయాను. ఆమె క్రాస్‌మ్యాచ్ గొట్టాల మీద నుంచి తల తిప్పలేదు.

"గది నాకు అప్పుడే ఎర్కే సార్. పిల్ల ఎట్లున్నది?"

పిల్లను నేను చూడలేదు. నమూనా కోసం అటెండరును పంపాను, అడగవలసింది అతనితోనే అడిగించాను, నేను పోలేదు. అదే తప్పు రెండోసారి చేశాను. ఆమె గొట్టాలు పక్కన పెట్టి పైన వార్డుకు పోయింది. నేనూ వెనకాలే పోయాను.

కాగితం ఆ రోజుల్లో ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. సీసాలో ఏ ప్రోటీన్లు ఉన్నాయో ఉన్నదున్నట్టు చూపించింది. అవి ఎవరివో చెప్పడం దాని పని కాదు, నా పని. ఆ తర్వాత కాగితం పోయి జెల్ వచ్చింది, ఇంకా కొత్త యంత్రాలొచ్చాయి, అక్షరాలను నేరుగా చదివే రోజులు కూడా వచ్చాయి. పదవీ విరమణ దాకా ఆ గడి ఖాళీగా ఉన్న పర్చీని నేను తీసుకోలేదు. నింపి వచ్చినా, రిపోర్టు మీద సంతకం పెట్టేముందు వార్డుకు పోయి, దుప్పటి పక్కకు తీసి రోగి కాళ్లు చూసి వచ్చేవాణ్ణి.